డాక్టర్‌ని అడగడం నేర్చుకుందాం – 3వ పాఠం: రిస్క్ ఎంతో అంకెల్లో చెప్పించుకోవడం

పోయిన పాఠంలో జబ్బు పేరు రాయించుకోవడం, రిపోర్టులో ఏముందో మామూలు మాటల్లో చెప్పించుకోవడం చూశాం. ఈసారిది ఇంకాస్త కష్టం. ఆపరేషన్‌కి ముందు కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టే కాగితం, చేతికిచ్చినప్పుడు "ఇందులో రిస్క్ ఎంతండీ?" అని అడిగి, పనికొచ్చే జవాబు రాబట్టాలి.

మామూలుగా వచ్చే జవాబు "ఏం పర్లేదు, కొద్దిగా ఉంటుంది". అక్కడ ఆగిపోకండి. డాక్టర్ మనసులో ఉన్న "కొద్దిగా" వందలో ఐదుగురు కావచ్చు, మీకు వినిపించింది వెయ్యిలో ఒకరు కావచ్చు. అందుకని ఇలా అడగండి: "నాలాంటి వాళ్ళు వందమంది ఈ ఆపరేషన్ చేయించుకుంటే ఎంతమందికి ఇబ్బంది వస్తుంది, ఏం ఇబ్బంది వస్తుంది?" ఇందులో "నాలాంటి" అన్న మాట మాత్రం వదలొద్దు, ఎందుకంటే వయసు, షుగరు, బీపీ, అంతకుముందు జరిగిన ఆపరేషన్లు, వీటన్నిటినీ బట్టి ఆ అంకె మారిపోతుంది.

మందుల విషయంలో ఇంకో చిక్కుంది. "ఈ మాత్ర వేసుకుంటే గుండెపోటు ముప్పు సగానికి తగ్గుతుంది" అంటారు. వందలో ఇద్దరికి రావలసింది ఒకరికే వస్తే అది సగమే, 20 మందికి రావలసింది పదిమందికే వస్తే అదీ సగమే. మొదటి లెక్కలో వందమంది మందు మింగితే మేలు జరిగేది ఒక్కరికి, రెండో లెక్కలో పదిమందికి. సైడ్ ఎఫెక్టులు మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉండొచ్చు. కాబట్టి "ఎంత నుంచి ఎంతకి తగ్గుతుంది, ఎన్నేళ్ళలో?" అని అడగాలి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

"చేయించుకోకపోతే ఏమవుతుంది, కొన్నాళ్ళు ఆగొచ్చా?" అన్నది కూడా అడగాల్సిందే. ప్రాణం మీదకొచ్చి క్షణం తీరిక లేనప్పుడు సంగతి వేరు.

ఇన్ని అడిగితే డాక్టర్‌కి కోపమొస్తుందేమోనని చాలామందికి టెన్షన్. రోగికి తన ఆరోగ్యం గురించి పూర్తిగా తెలుసుకునే హక్కుందని ప్రపంచ వైద్య సంఘం, అంటే డాక్టర్ల సంఘాలే కలిసి పెట్టుకున్న సంస్థ, 1981లో చేసి 1995లో సవరించిన లిస్బన్ ప్రకటనలో రాసుకుంది. నాకు చెప్పొద్దు, ఫలానా వాళ్ళకి చెప్పండి అనే హక్కూ అందులో ఉంది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గొమరీ కేసులో ఇచ్చిన తీర్పు చూడండి. కేసు వేసిన తల్లి మాంట్‌గొమరీకి షుగరు, మనిషి పొట్టి, కడుపులో బిడ్డ పెద్దది. మామూలు కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ముప్పు 9–10 శాతం ఉన్నా, చెబితే సిజేరియన్ కావాలంటారని డాక్టర్ చెప్పలేదు. భుజం ఇరుక్కుంది, బిడ్డకి మెదడు దెబ్బతింది. అలాంటి ముప్పు రోగి స్థానంలో ఉన్న మనిషికి ముఖ్యమనిపించేదైతే చెప్పి తీరాలని కోర్టు తేల్చింది. నాకైతే ఇందులో బాధించేది ఆమె భయంగా ఉందని పైకి చెప్పుకున్నా, ఆ అంకె మాత్రం ఆమె దాకా రాకపోవడం.

ఇక అభ్యాసం. మీరు గానీ ఇంట్లోవాళ్ళు గానీ వాడుతున్న ఒక మందు తీసుకోండి, పైన చెప్పిన మూడు ప్రశ్నల్నీ దాని పేరుతో కాగితం మీద రాసి పైకి రెండుసార్లు చదవండి, నోరు తిరగాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం తీసి అడిగి, విన్నది "అంటే వందలో ఇంతమందికి, అంతేనా అండీ?" అని తిరిగి చెప్పి, ఆయన అవునన్నాకే అంకె రాసుకోండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.