కమ్యూనిటీ కాలేజీలో ఆల్జీబ్రా తీసుకునే ముందు

అమెరికాలో ఫాల్ సెమిస్టర్ దగ్గరపడింది. ఇంట్రడక్టరీ ఆల్జీబ్రా తీసుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

ఈ కోర్సు మీ డిగ్రీకి లెక్కకొస్తుందా అని ముందే కౌన్సెలర్‌ని అడగండి. చాలాచోట్ల ఇది కాలేజీ స్థాయికి కిందిది, యూనివర్సిటీకి మారితే క్రెడిట్లు వెంట రావు. ఫీజూ, ఒక సెమిస్టరూ పోయినట్టే.

డ్రాప్ గడువు రాసిపెట్టుకోండి. దాటాక మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేశారని) పడుతుంది, ఫీజు మామూలుగా వెనక్కి రాదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లయితే డీఎస్‌ఓని, అంటే కాలేజీలో ఆ వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడగకుండా మానొద్దు. 12 క్రెడిట్ల కంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ముప్పు.

సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొంటున్నారా? అందులోని ఆన్‌లైన్ హోంవర్క్ యాక్సెస్ కోడ్ ఎవరో వాడేసే ఉంటారు, మీకు పనికిరాదు.

కాలిక్యులేటర్ కొనేముందు సిలబస్ చూడండి. కొందరు ప్రొఫెసర్లు పరీక్షలో దాన్ని అసలు వాడనివ్వరు.

మైనస్ గుర్తులు ఓసారి తిరగేయండి. -3² అంటే -9, (-3)² అంటే 9. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లూ ఇక్కడే బోల్తాపడతారు. నేనూ పడ్డాను.