వెన్నుకు దెబ్బ తగిలితే ఆరోగ్యశ్రీలో ఎలా చేర్పించాలి?

మా బాపు గీత కార్మికుడు. మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగి కాళ్లలో స్పర్శ పోయింది. కంగారులో దగ్గరి టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేటు మీద ఆరోగ్యశ్రీ బోర్డు పెద్దగానే ఉంది. నాలుగు గంటలు కూర్చోబెట్టి, అప్పుడు చెప్పారు: పథకం కింద తమకు ఎముకల విభాగమే ఉంది, న్యూరో సర్జరీ లేదని!

కాబట్టి బోర్డును నమ్మొద్దు. ఈ పథకంలో ఆసుపత్రికి అనుమతి విభాగాల వారీగా ఉంటుంది. తలకో వెన్నుకో దెబ్బయితే, "న్యూరో సర్జరీకి ఆరోగ్యశ్రీ ఉందా?" అని దారిలో ఉండగానే ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి అడగండి.

హైదరాబాద్‌లో రెండో ఆసుపత్రి. బిల్లింగ్ దగ్గర 40 వేలు అడ్వాన్స్ అన్నారు. చిన్నాయన అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాడు. వెనక లైన్లో ఉన్న ఒకామె, "తమ్మీ, కట్టకు, ముందు మిత్రను కలువు" అంది. మిత్ర అంటే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర. ఆమె మాటే మమ్మల్ని కాపాడింది. పథకం డబ్బు మన చేతికి రాదు, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు నుంచి ఆసుపత్రి ఖాతాకే పోతుంది. ఒకసారి నగదు పేషెంటుగా రాయించుకుంటే మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఆరోగ్యమిత్రకు రేషన్ కార్డు, ఆధార్ చూపించాలి. ఆయన మంచం దగ్గరికొచ్చి బాపు ఫొటో తీసుకున్నాడు. స్కాన్లు, డాక్టర్ రాసిన కాగితాలు ఆన్‌లైన్‌లో ట్రస్టుకు వెళ్తాయి. అక్కడి డాక్టర్లు చూసి ప్యాకేజీకి అనుమతి ఇస్తారు. ప్రాణం మీదికొస్తే ఫోన్ మీదే అనుమతి తీసుకుని మొదలుపెట్టవచ్చు. కార్డు ఇంట్లో మరిచిపోయామని ఆగకండి, ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ప్యాకేజీ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు. మందులు, పరీక్షలు, వెన్నులో వేసే రాడ్లు, స్క్రూలు, పేషెంటుకు భోజనం, ఇంటికి పోయే ఛార్జీలు అన్నీ అందులోవే. "మంచి కంపెనీ స్క్రూలు వేస్తాం, తేడా మీరు కట్టండి" అంటే మిత్రకు చెప్పండి. అక్కడా తేలకపోతే మళ్లీ 104. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు పరిమితి ఉంది, అందుకని డబ్బు సరిపోలేదన్న మాట వినగానే బెదరొద్దు.

డిశ్చార్జి రోజు వైద్యం ఉచితంగా అందిందని సంతకం అడుగుతారు. ఆ కాగితాలన్నీ పంపాకే ఆసుపత్రికి డబ్బు వస్తుంది, కాబట్టి ఆ పూట వాళ్లకు మన సంతకం అవసరం. మీరు ఏదైనా కట్టి ఉంటే అది తేలేదాకా పెట్టొద్దు. పది రోజుల మందులు, ఛార్జీలు అప్పుడే అడిగి తీసుకోండి.

ఆ తర్వాతి ఖర్చు మాత్రం మాదే అయింది. పుండ్లు పడకుండా గాలి పరుపు కొన్నాం, ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు ఆటో. రెండు గంటలకోసారి బాపును పక్కకు తిప్పడం అమ్మ, నేను వంతులేసుకున్నాం.