పాత ఉత్తరాలు, ఫొటోలు స్కాన్ చేసే ముందు

బల్ల ఖాళీ చేసి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు, టీ, ఇంకు పెన్నులు ఆ గదిలోకే రాకూడదు. రాసుకోడానికి మెత్తటి పెన్సిల్ చాలు.

కాగితాలకు గ్లవ్స్ వద్దు. సబ్బుతో కడిగి ఆరబెట్టిన చేతులే మేలు. నూలు గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, చిరిగిన అంచు దారానికి తగులుకుని ఇంకాస్త చిరుగుతుంది. ఫొటోలు, నెగెటివ్‌లకు మాత్రం నైట్రైల్ (పల్చటి రబ్బరు లాంటి) గ్లవ్స్ తప్పనిసరి. వేలిముద్రలోని ఉప్పు, నూనె ఎమల్షన్‌లోకి, అంటే బొమ్మ ఉండే పూతలోకి దిగితే ఆ మరక మళ్లీ పోదు.

కట్ట విప్పకముందే ఉన్న వరుసను ఫొటో తీసుకోండి. ఏ ఉత్తరం ఏ కవరులోదో ఒకసారి కలిసిపోతే తేల్చడం కష్టం.

తుప్పు పట్టిన గుండుసూదిని లాగొద్దు. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, నెమ్మదిగా జరపండి. మడత దగ్గర పెళుసుగా ఉన్న ఉత్తరాన్ని బలవంతంగా చదును చేయకండి. సెల్లో టేపు, అద్దానికి అతుక్కున్న ఫొటో: రెండూ సంరక్షణ నిపుణుల పని, మీది కాదు.

కాగితాన్ని అద్దం మీద పరిచే ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడాలి, లోపలికి లాక్కునే ఫీడర్ వద్దే వద్దు. ఉత్తరాలకు 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫొటోలకు 600, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా. వెనకవైపు రాతను మరవకండి.

1950ల తొలినాళ్లకు ముందటి ఫిల్మ్ జిగటగా, ఘాటు వాసనతో ఉంటే అది నైట్రేట్ అనే పాత రకం ఫిల్మ్ కావచ్చు. సులభంగా అంటుకుంటుంది, స్కానర్ మీద పెట్టకుండా, వేడికి దూరంగా విడిగా ఉంచండి.