వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్కలతో ఆకులు, పిట్టలు చేసే ముందు జాగ్రత్తలు

• షీటు వంకర తిరిగి ఉంటే అలాగే కోయొద్దు, పుటుక్కున చీలిపోతుంది. కాస్త నీళ్లు చిలకరించి, రెండు చదును పలకల మధ్య బరువు కింద పెట్టి, పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి.

• బ్లేడు కొత్తదే వాడండి, రెండో చెయ్యి దాని దారిలో ఉండకూడదు.

• అన్నిటికన్నా ముఖ్యం చెక్కలోని చారలు. అవి నడిమి ఈనె నుంచి అంచుకు ఏటవాలుగా పోయేలా ఆకు రెండు సగాలనూ విడివిడిగా కోస్తేనే జీవం వస్తుంది, చార తప్పితే ఎంత మంచి రంగు చెక్క తెచ్చినా అది ఆకులా కనిపించదు.

• ముక్క అంచు కాస్త మాడి నీడలా కనిపించడం కోసం దాన్ని వేడి ఇసుకలో పెట్టేటప్పుడు పట్టకారుతోనే పట్టుకోండి, ముందు పనికిరాని ముక్క మీద చూడండి. వేడికి చెక్క కాస్త ముడుచుకుంటుంది.

• బొమ్మ అంటించిన బోర్డు వెనక కూడా వెనీర్ అంటించాలి, లేకపోతే వంగుతుంది.

• సాండింగ్‌కి (గరుకు కాగితంతో రుద్దేటప్పుడు) మాస్క్ తప్పనిసరి.