కఠిన విశ్వాసం నుంచి అందరికీ చోటున్న విశ్వాసానికి: ఏ పని ముందు, ఏది తరువాత

బైబిలులోని ప్రతి మాటనూ అక్షరాలా నమ్మాలనే మౌలికవాద (ఫండమెంటలిస్టు) సంఘంలో పెరిగిన క్రైస్తవుడికి, తనకు నేర్పినదంతా నిజమేనా అన్న ప్రశ్న సాధారణంగా పుస్తకాల వల్ల రాదు. రక్షణ పొందని ఒక మంచి మనిషి సమాధి పక్కన నిలబడినప్పుడు, ఈయన ఇప్పుడు అగ్నిగుండంలో ఉన్నాడని అనుకోవడానికి మనసు ఒప్పుకోకపోవడం వల్ల వస్తుంది. అలా వచ్చిన ప్రశ్నను కొందరు సాతాను శోధనగా ఎంచి ఉపవాసాలతో అణచివేస్తారు. మరికొందరు కోపంలో బైబిలునూ ప్రార్థననూ ఒక్కసారే వదిలేస్తారు. ఈ రెండూ కాని దారి ఒకటి ఉంది, అది నెమ్మదైనది. అభిప్రాయాల కంటే ముందు చదివే తీరు మారాలన్నది ఆ దారిలో నడిచినవాడిగా నా నమ్మకం. చదివే తీరు మారనివాడు కొత్త సంఘంలో చేరినా పాత మనిషిగానే మిగిలిపోతాడు.

మొదట, ఏదీ ప్రకటించకండి. నేను ఈ విషయంలోనే తప్పు చేశాను: సగం ఆలోచించిన మాటలను ప్రార్థన కూటంలో సాక్ష్యంలా చెప్పేశాను, ఆ వారం అంతా పెద్దలకు జవాబులు చెప్పుకోవడంతోనే గడిచింది, ఆలోచించడానికి తీరికే దొరకలేదు. మీ జీతమో, మీరుంటున్న ఇల్లో సంఘం చేతిలో ఉంటే, వేరే ఆధారం కుదుర్చుకున్న తరువాతే నోరు విప్పండి. అది పిరికితనం కాదు.

ఆ తరువాత ఒక నోటు పుస్తకం తీసుకుని, తిరుగులేనివని మీకు నేర్పిన సంగతులను ఒక్కొక్కటిగా రాసి, ప్రతిదాని ఎదుట అది ఎప్పటి నుంచి ఉన్నదో కనుక్కుని రాయండి. యేసు ప్రభువనీ, మరణం నుంచి లేచాడనీ నమ్మడం తొలి శతాబ్దం నాటిది. కానీ ‘ఫండమెంటలిస్టు’ అనే మాటే 1920లో ఒక అమెరికన్ బాప్టిస్టు పత్రిక సంపాదకుడు కల్పించినది. దానికి మూలమైన 90 వ్యాసాలు 1910–1915 మధ్య 12 సంపుటాలుగా వెలువడ్డాయి, ఖర్చు పెట్టినవారు చమురు వ్యాపారం చేసిన స్టీవర్ట్ సోదరులు. లోకాంతంలో వచ్చే శ్రమల కాలానికి ముందే సంఘం రహస్యంగా పరలోకానికి ఎత్తబడుతుందన్న బోధ 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి ద్వారా వ్యాపించింది. బైబిలులో ఏ విషయంలోనూ పొరపాటు లేదని నిర్వచిస్తూ షికాగో ప్రకటన వచ్చింది 1978లో. 4వ శతాబ్దం నాటి నైసియా విశ్వాస ప్రమాణంలో మాత్రం అలాంటి షరతు కనిపించదు. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెన్ సృష్టి దినాలను అక్షరార్థంగా తీసుకోలేదు. కొత్తదైనంత మాత్రాన ఒక బోధ తప్పైపోదు, నిజమే. అయితే దానిని ప్రశ్నించినంత మాత్రాన క్రీస్తునే కాదన్నట్టు కాదని మీకు స్పష్టపడుతుంది.

ఇక అసలు పని, చదవడం. ఒక సాయంత్రం బైబిలులో మూడు చోట్ల గుర్తు పెట్టుకుని వరుసగా చదవండి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మొదటి వచనం వృషణాలు నలిగినవాడు యెహోవా సమాజంలో చేరకూడదంటుంది. యెషయా 56వ అధ్యాయం, నిబంధనను పట్టుకున్న నపుంసకులకు కుమారులు కుమార్తెలు అనిపించుకోవడం కంటే శ్రేష్ఠమైన పేరును దేవుడు తన మందిరంలోనే ఇస్తాడంటుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథాన్నే చదువుతూ, నీళ్లు కనబడగానే తన బాప్తిస్మానికి ఆటంకమేమిటని సువార్తికుడైన ఫిలిప్పును అడుగుతాడు. (అతడు చదువుతున్నది 53వ అధ్యాయం, మరి మూడు అధ్యాయాలు చదివితే తన గురించిన మాటే కనబడేది.) ఫిలిప్పు ద్వితీయోపదేశకాండము తెరిచి చూపలేదు, రథం దిగి అతనితో కలిసి నీళ్లలోకి వెళ్లాడు. ద్వితీయోపదేశకాండము అదే అధ్యాయం మోయాబీయులను కూడా బయట నిలిపింది. అయినా దావీదు రాజు తాతను కన్న తల్లి రూతు మోయాబీయురాలే.

ఇలా చదివితే పరిశుద్ధ గ్రంథం తనతో తానే వాదించుకుంటున్నదనీ, ఆ వాదం తరచుగా బయట ఉన్నవారిని లోపలికి తెచ్చే వైపు మొగ్గుతున్నదనీ మీకే కనబడుతుంది. 2 సమూయేలు 24లో జనసంఖ్య తీయమని దావీదును ప్రేరేపించినది యెహోవా కోపం. 1 దినవృత్తాంతములు 21లో అదే కథకు సాతాను కారణం. ఈ రెంటినీ బలవంతంగా అతికించకుండా, రెండవ రచయిత ఎందుకు మార్చవలసి వచ్చిందని అడగండి.

బుద్ధి ఒప్పుకున్నా భయం వెంటనే పోదు. ఇంట్లో ఎవరూ కనబడకపోతే ఎత్తబడడంలో తాను విడువబడ్డానేమోనని చిన్నప్పుడు వణికినవారికి, ఆ బోధ మీద నమ్మకం పోయిన పదేళ్లకు కూడా ఖాళీ ఇల్లు చూస్తే గుండె దడదడలాడవచ్చు. దానిని పరిశుద్ధాత్మ గద్దింపుగా పొరపడకండి, అది నేర్పిన భయం. నిద్ర పట్టనంతగా ఉంటే మతం విషయంలో తీర్పు చెప్పని కౌన్సిలరును కలవండి. ప్రార్థనకు మాటలు రాకపోతే 88వ కీర్తన చదువుకోండి, హీబ్రూ మూలంలో అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది.

ఇంట్లోవారితో వాదం పెట్టుకోకండి. “నాయనా, నువ్వు వెనుకజారిపోయావు” అని తల్లి ఏడిస్తే, గ్రీకు మాటల అర్థాలు విప్పి చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. “అమ్మా, నువ్వు నేర్పిన ప్రార్థననే ఇంకా చేసుకుంటున్నాను. కొన్ని సంగతులు మాత్రం ఇదివరకటిలా నమ్మలేకపోతున్నాను” అనండి, అంతటితో ఆపండి. ఆమె భయం మీ మీద ప్రేమలోంచే వస్తోంది.

కొత్త సంఘాన్ని వెదికేటప్పుడు ‘అందరికీ స్వాగతం’ అన్న బోర్డును నమ్మకండి. పాస్టరును సూటిగా అడగండి: ఇక్కడ స్త్రీలు వాక్యం బోధించి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇస్తారా? విడాకులు తీసుకున్నవారు, స్వలింగ సంబంధంలో ఉన్నవారు సంఘ సభ్యులు కాగలరా, పెద్దలుగా ఎన్నిక కాగలరా? మీ నిర్ణయంతో విభేదించిన చివరి సభ్యుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు? కానుకల లెక్కలు ఎవరు చూస్తారు? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబునే నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను.

కొత్త చోట చేరిన తొలి నెలల్లో ఒక పాత అలవాటు తిరిగి తల ఎత్తుతుంది: ప్రసంగం వింటూ ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు అని లెక్క వేయడం. ఈసారి ‘కాదు’ అన్న వరుసలో మీ పాత సంఘస్థులు ఉంటారు. మీ జ్వరంలో వంతులవారీగా వచ్చి పక్కన కూర్చున్నవారు వారే కావచ్చు. వారి ఇంటి పెళ్లికి పిలిస్తే వెళ్లండి, భోజనానికి ముందు పెద్దాయన దీర్ఘంగా ప్రార్థన చేస్తే తల వంచి, చివర ఆమేన్ అనండి.