అరబ్బీ శాసనం ముందు నిలబడ్డప్పుడు ఏం చేయాలి: మాక్స్ వాన్ బెర్షెమ్ చూపిన దారి

కుతుబ్ షాహీ సమాధులు చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది గుమ్మటాలు చూసి, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తారు. లోపల నల్లరాతి మీద వరసలు వరసలుగా చెక్కిన అక్షరాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. "అరబ్బీ కదా, మనకేం అర్థమవుతుంది" అనుకుంటాం, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ ఆ భాష రాకపోయినా ఆ రాయి ఎప్పటిది, దాన్ని ఇంతకుముందు ఎవరైనా చదివారా అనేవి ఓపికుంటే తేల్చుకోవచ్చు. అందుకు బాగా పనికొచ్చేది జెనీవాలో ఉన్న మాక్స్ వాన్ బెర్షెమ్ ఫౌండేషన్. ముందు ఆయనెవరో రెండు ముక్కల్లో చెప్పి అసలు పనిలోకి వస్తాను.

వాన్ బెర్షెమ్ 1863లో జెనీవాలో పుట్టాడు. ఇరవైల్లో కైరో వెళ్లి, అక్కడి పాత మసీదులు, మదరసాలు, కోట గోడలు శిథిలమవుతుంటే వాటితోపాటు గోడల మీది రాతలు కూడా పోతున్నాయని గమనించాడు. అరబ్బీ శాసనాలన్నిటినీ దేశాల వారీగా చదివి, అచ్చు వేయాలని పూనుకున్నాడు. కైరో సంపుటం 1894లో మొదలైంది, జెరూసలేం సంపుటాలు ఆయన పోయాక 1927 దాకా వస్తూనే ఉన్నాయి. ఆయన 1921లో, యాభై ఎనిమిదేళ్లు నిండకుండానే చనిపోయాడు. కూతురు మార్గరీట్ కూడా ఇదే రంగంలో పనిచేసిన మనిషి, జెరూసలేం, డమాస్కస్ మొజాయిక్‌ల మీద ఆమె పరిశోధన చాలా పేరున్నది. తండ్రి జ్ఞాపకార్థం 1973లో ఈ ఫౌండేషన్ పెట్టింది ఆమే.

ఇక పని. మొట్టమొదట చేయాల్సింది చదవడం కాదు, చూడటం. వాన్ బెర్షెమ్ దగ్గర నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ఆయన శాసనాన్ని కట్టడం నుంచి విడదీసి చూడడు. అది తలుపు పైన ఉందా, మిహ్రాబ్ (మసీదులో మక్కా దిక్కు చూపే గోడగూడు) చుట్టూ ఉందా, సమాధి తల వైపు ఉందా, రాయి మొదటినుంచీ అక్కడే ఉందా, ఇంకెక్కడినుంచో తెచ్చి అతికించారా, ఎన్ని వరసలు, అక్షరం ఎంత ఎత్తు, అన్నీ రాసిపెట్టేవాడు. మీరూ చిన్న నోటుబుక్‌లో ఇవే రాసుకోండి. దూరం నుంచి మొత్తం గోడ ఒక ఫోటో, తర్వాత శాసనం పూర్తిగా ఒకటి, ఆ తర్వాత కుడి నుంచి ఎడమకు ముక్కలు ముక్కలుగా, ఒక్కో ఫోటోలో పక్కదాని చివరి అక్షరాలు కొన్ని మళ్లీ వచ్చేలా తీయండి. పక్కన స్కేలు పెట్టడం మర్చిపోవద్దు. అది లేకుండా తీసిన ఫోటోల వల్ల నేను ఒకసారి మళ్లీ వెళ్లి కొలుచుకోవాల్సి వచ్చింది.

వెలుతురు చాలా ముఖ్యం. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరాలన్నీ చదునుగా అయిపోతాయి. ఫోన్ టార్చ్‌ని గోడకు దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వేయిస్తే అరిగిపోయిన గీత కూడా నీడతో లేచి నిలబడుతుంది. పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండ కూడా అదే పని చేస్తుంది. పాతకాలంలో తడి కాగితం రాతి మీద పరిచి బ్రష్‌తో కొట్టి అచ్చు తీసేవాళ్లు, మన శాసనవేత్తలు ఎస్టాంపేజ్ అనేది దాన్నే. అది అనుమతి ఉన్నవాళ్లు, పని నేర్చినవాళ్లు చేయాల్సింది, మీరు చేయకండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నీళ్లు పోయడం, గోకడం అసలే వద్దు.

ఇప్పుడు తేదీ వెతకండి. ఎక్కువగా చివర్లో ఉంటుంది. "సనత్" అనే మాట పట్టుకోవాలి, సంవత్సరం అని అర్థం. మన వైపు రాళ్ల మీద ఆ మాటను పొడుగ్గా గీతలా సాగదీసి దానిపైన అంకెలు వేయడం తరచుగా కనిపిస్తుంది. అంకెల్లో మోసపోయే చోటు ఒకటుంది: మనకు సున్నాలా కనిపించే చిన్న వృత్తం అక్కడ 5, ఉత్త చుక్క అక్కడ సున్నా. తేదీ మాటల్లో ఉంటే ఒకట్లు ముందు, తర్వాత పదులు, ఆ తర్వాత వందలు. 924ని "అర్బ వ ఇష్రీన్ వ తిస్అ మియా" అంటారు, అంటే నాలుగు, ఇరవై, తొమ్మిది వందలు. తెలుగు శాసనాలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు మాటలు వాడి శక వర్షం చెప్పేటప్పుడు "అంకానాం వామతో గతిః" (అంకెల నడక ఎడమ వైపుకి) అని మనమూ ఒకట్ల స్థానం నుంచే కదా మొదలుపెట్టేది. అక్షరాలనే అంకెలుగా కూడే అబ్జద్ పద్ధతి కూడా ఉంది. చార్మినార్ కట్టిన ఏడాదికి చెప్పే "యా హాఫిజ్" అనే మాటలో అక్షరాల విలువలు 10, 1, 8, 1, 80, 900. కూడితే సరిగ్గా 1000.

పాత రాతల్లో ఒక అక్షరాన్ని ఇంకోదాన్నుంచి వేరుచేసే చుక్కలు ఉండవు, లేదా రాలిపోయి ఉంటాయి. అవి లేకపోతే మాటల్లో రాసిన ఏడుకీ తొమ్మిదికీ, డెబ్బైకీ తొంభైకీ తేడా కనిపించదు. అలాంటప్పుడు శాసనంలో ఉన్న పాలకుడి పేరుతో సరిచూసుకోవాలి. పేరూ తేదీ కుదరకపోతే కంగారు పడొద్దు, అసలు కథ అక్కడే ఉండొచ్చు. జెరూసలేంలోని డోమ్ ఆఫ్ ది రాక్ లోపల బంగారు మొజాయిక్ ముక్కలతో పొడవాటి శాసనం ఉంది. కట్టించింది ఖలీఫా మామూన్ అని అందులో ఉంటుంది, సంవత్సరం మాత్రం "ఇస్నతైన్ వ సబయీన్", అంటే హిజ్రీ (ఇస్లామీయ చాంద్రమాన లెక్క) 72. మామూన్ పుట్టిందే హిజ్రీ 170లో! అసలు కట్టించినవాడు అంతకుముందటి ఖలీఫా అబ్దుల్ మలిక్. తర్వాత ఎప్పుడో అతని పేరు తీసేసి, మిగిలిన కాస్త చోట్లో మామూన్ పేరు ఇరికించారు, తేదీ జోలికి మాత్రం పోలేదు. అందుకే ఫోటోలో అక్షరాల మధ్య ఎడం, రంగు, లోతు ఎక్కడైనా ఉన్నట్టుండి మారితే అక్కడ గుర్తు పెట్టుకోండి.

హిజ్రీని మన లెక్కలోకి మార్చడానికి 0.97తో గుణించి 622 కలపండి. కుతుబ్ షాహీల్లో మొదటివాడైన సుల్తాన్ కులీ చనిపోయిన 950కి ఇలా చేస్తే 1543 వస్తుంది, సరిపోయింది. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ చనిపోయిన 1020కి చేస్తే 1611 వస్తుంది, కానీ ఆయన పోయింది 1612 జనవరిలో. హిజ్రీ ఏడాది రెండు క్రీస్తు శకం ఏళ్ల మీద పడుతుంది కాబట్టి నెల పేరు ఉంటే తప్పకుండా రాసుకోండి, లేకపోతే "1611-12" అని రాయడమే నిజాయితీ.

తేదీ, ఊరు, కట్టడం తెలిశాక ఫౌండేషన్ పని చేతికి వస్తుంది. లూడ్విక్ కాలూస్ ఆధ్వర్యంలో వాళ్లు తయారుచేయించిన "థిసారస్ దెపిగ్రఫీ ఇస్లామిక్" అనే డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఉంది. ఇస్లామీయ ప్రపంచంలో అరబ్బీ, పర్షియన్, టర్కిష్ శాసనాలు, హిజ్రీ 1000 దాకా ఉన్నవి, అందులో చేరుస్తూ వచ్చారు. ముందే మొత్తం పాఠం వెతకొద్దు. ప్రాంతంతో మొదలుపెట్టి, తేదీతో తగ్గించుకుంటూ, చివర్లో మీకు ఖాయంగా కనిపించిన ఒక్క మాటతో వెతకండి. దొరికితే ఆ పాఠాన్ని మీ ఫోటో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. అరబ్బీ నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

అయితే హిజ్రీ 1000 అంటే 1591-92, సరిగ్గా హైదరాబాద్ పుట్టినప్పుడు. అంటే గోల్కొండ తొలి కాలపు రాళ్లకే ఆ హద్దు సరిపోతుంది, మక్కా మసీదు, టోలీ మసీదు లాంటివి దాటిపోతాయి. వాటికి గులాం యజ్దానీ చాలా ఏళ్లు సంపాదకుడిగా నడిపిన "ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా" అనే శాసనాల పత్రిక చూడాలి. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖను నడిపించింది కూడా ఆయనే. గోల్కొండ శాసనాలు పాఠంతో, ఇంగ్లీషు అనువాదంతో అందులో అచ్చయ్యాయి. 1950ల నుంచి జరిగిన పనికి ఎపిగ్రాఫియా ఇండికా అరబిక్, పర్షియన్ అనుబంధ సంచికలు ఉన్నాయి.

పరిశోధన చేసే పిల్లలకు ఇంకో మాట. ఇస్లామీయ దేశాల పురావస్తు తవ్వకాలకు, కళా చరిత్రకు, శాసనాల అధ్యయనానికి ఈ ఫౌండేషన్ ఏటా గ్రాంట్లు ఇస్తుంది. గడువు, ఫారాలు వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. దరఖాస్తులో "అక్కడి శాసనాలు చదువుతాను" అని ఊరుకోకుండా ఏ కట్టడం, ఎన్ని రాళ్లు, ఏవి ఇప్పటికే అచ్చయ్యాయి, ఏవి కాలేదు అని వివరంగా రాయండి. పైన చెప్పిన నోటుబుక్ ఉంటే ఆ జాబితా సగం తయారైనట్టే.

ఎక్కడా దొరకని శాసనం తగిలితే ఫోటోలు, కొలతలు, తేదీ మీద మీ అనుమానంతో సహా దగ్గర్లోని పురావస్తు శాఖ కార్యాలయానికి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గరా ఉంచుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లు సుల్తాన్ కులీ సమాధితో మొదలుపెట్టండి, హిజ్రీ 950 అని ముందే తెలుసు కాబట్టి ఆ సంవత్సరం రాతి మీద ఎక్కడుందో వెతకడమే మీ పని.