వాల్వు తిప్పే చేతి నుంచి మొదలుపెట్టండి: బెంగళూరు నేపథ్యంలో తిరుగుబాటు కథ రాసే పద్ధతి

నియంతపాలన మీద కథ రాయబోయేవాళ్లు చాలామంది ముందు నాయకుణ్ణి తయారుచేసుకుంటారు. కథ అక్కడే చెడుతుంది. ముందు తయారు కావలసింది పాలన. అది దేని మీద నిలబడి ఉందో, రోజూ ఎవరి చేతులు దాన్ని నడుపుతున్నాయో తేలితే తిరుగుబాటు ఎక్కడ పుట్టాలో మీకే కనబడుతుంది.

పాలకుల గుప్పిట్లో ఉన్న వస్తువు ఒక్కటే ఉంచండి. ఆహారం, ఇంధనం, ఇంటర్నెట్, మందులు అన్నీ కలిపితే పాఠకుడికి దేని కొరతా తగలదు. బెంగళూరులో కథ పెడితే నీళ్లకు మించిన వస్తువు లేదు. సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ నగరానికి కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి రావాలి. టి.కె.హళ్లి, హారోహళ్లి, తాతగుణి దగ్గర మూడు అంచెలుగా పంపులు పెట్టి దాదాపు 500 మీటర్లు పైకి ఎక్కించాలి. అంటే కరెంటు, పంపుల దగ్గర షిఫ్టుల్లో పనిచేసే ఆపరేటర్లు, వీధుల్లో వాల్వు తిప్పే మనుషులు లేకపోతే ఎంతటి నియంత ఇంట్లోనైనా కుళాయి ఎండిపోతుంది. మీ పాలన బలమూ బలహీనతా రెండూ ఆ గొట్టంలోనే ఉన్నాయి.

తర్వాత కాగితం మీద లెక్క వేయండి. మన నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. మీ కథలో 40 అనుకుందాం. వంటకూ తాగడానికీ 5, స్నానానికి ఒక బకెట్టు 15, మరుగుదొడ్డికి 15, అంట్లకు 5. బట్టలు ఉతకడానికి చుక్క మిగలదు. నలుగురున్న ఇంటికి 160 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది. ఇప్పుడు శిక్షగా మనిషికి 10 లీటర్లు కోసేయండి. ఆ ఇంట్లో ఎవరి స్నానం ఆగిపోతుంది? ముసలామెదా, బడికి వెళ్లే పిల్లదా? ఆ జవాబులోనే మొదటి సన్నివేశం ఉంది. పాలకుడి దుర్మార్గం గురించి రెండు పేజీలు రాసినా ఇంత పని చేయదు.

ఇక మనిషి. వాల్వు తిప్పే ఉద్యోగిని తీసుకోండి. కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగువాడు కావచ్చు. అతని తాత చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు పంచిన నీరుగంటి కావచ్చు. పంచడంలో న్యాయమంటే ఏమిటో అతనికి పుస్తకాలు చెప్పక్కర్లేదు. రోడ్డు మీద ఇనుప మూత ఎత్తి, పొడవాటి కడ్డీతో వాల్వు తిప్పడం అతని డ్యూటీ, కాబట్టి కెమెరా చూసినా అనుమానించదు. అరచుట్టు ఎక్కువ తిప్పితే? అరవై ఇళ్ల వీధిలో ఇంటికి పది లీటర్ల చొప్పున 600 లీటర్లు. చిన్న ట్యాంకరు 6,000 లీటర్లలో పదో వంతు. పాత పైపుల లీకేజీలో అది కలిసిపోతుంది. దొరికిపోవడం కూడా ఇక్కడే మొదలవ్వాలి: ఒకటి రెండు వీధులైతే లీకేజీ, నలభై వీధులైతే మీటరు రీడింగులో కనబడే తేడా. ఉద్యమం పెరిగినకొద్దీ దాక్కునే చోటు తగ్గుతుంది. కథ బిగువంతా దీని మీదే నడపొచ్చు.

రహస్య సంఘాన్ని చిన్నగా ఉంచండి. ఒక దళానికి ముగ్గురు, మహా అయితే ఐదుగురు. బయట ఒక్క కొరియర్ తప్ప వాళ్లకు ఎవరూ తెలియకూడదు. సంకేతం మామూలు మాటలా వినబడాలి. "అక్కా, మీ బిందెకు మూత ఉందా?" అన్నది వీధిలో ఎవరైనా అనగలిగే మాట. సూర్యుడు, గరుడపక్షి లాంటి గంభీరమైన సంకేతాలు రాస్తే తొలి రోజే పట్టుబడతారు. ద్రోహిని రాసేటప్పుడు తేడా గుర్తుంచుకోండి: లోపలికి పంపబడ్డవాడు వేరు, లోపలివాడై ఉండి లొంగిపోయినవాడు వేరు. రెండోవాడే కథకు విలువైనవాడు. అతను లొంగిన కారణాన్ని ముందే, మూడు అధ్యాయాల ముందే, పాఠకుడి కళ్లముందు పెట్టండి.

నిఘా నియమాలు ఒక పేజీలో రాసి గోడకు అంటించుకోండి. రెండో అధ్యాయంలో ముఖాన్ని గుర్తుపట్టిన కెమెరా పన్నెండో అధ్యాయంలోనూ గుర్తుపట్టాలి. ఎక్కువ నవలలు పడిపోయేది ఇక్కడే.

పాలన భాషను మాత్రం తీరిగ్గా కూర్చుని తయారుచేయాలి. ఉత్తర్వులో కోత "క్రమబద్ధీకరణ" అవుతుంది, దాహంతో ఉన్నవాడు "లబ్ధిదారు" అవుతాడు, ఇళ్లు కూల్చడం "పునరావాసం" అవుతుంది. సంస్కృత పదాలు పేర్చిన ఆ ప్రకటన పక్కనే కన్నడం కలిసిన వీధి తెలుగు పెట్టండి. రెండు భాషలు ఢీకొన్నప్పుడు వ్యాఖ్యానం అవసరం ఉండదు.

జైలు సన్నివేశం రాసే ముందు గాంధీనగర్ దగ్గర ఫ్రీడం పార్కుకు వెళ్లండి. అది ఒకప్పటి సెంట్రల్ జైలు. నడిమధ్యన కాపలా బురుజు ఇప్పటికీ ఉంది. దాని కింద నిలబడి బ్యారక్‌ల వైపు చూస్తే ఒక్క మనిషి ఎంతమందిని కనిపెట్టగలడో తెలుస్తుంది. ఎమర్జెన్సీలో, 1976 మేలో అరెస్టయిన నటి స్నేహలతారెడ్డి ఎనిమిది నెలలు ఈ జైల్లోనే ఉన్నారు. ఉబ్బసం ముదిరి, పెరోలు మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న కన్నుమూశారు. చిత్రహింసల గదులు ఊహించి రాయకండి. ఊపిరాడని మనిషికి వైద్యం అందకుండా చేస్తే చాలు, పాలన ఏమిటో తెలిసిపోతుంది.

కాలాన్ని కుదించకండి. అడవి మీద గిరిజనుల హక్కులను కోసేసిన మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడింది 1922లో, అంటే నలభై ఏళ్లకు. నవల ఇరవై నాలుగు అధ్యాయాలైతే మొదటి తొమ్మిదీ సహించడానికే ఇవ్వండి, ఎదురు తిరగడానికి పది, మిగిలిన ఐదూ చెల్లించిన మూల్యానికి. ఆయుధమే పట్టాలని కూడా లేదు. 1921లో చీరాల–పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరు ఖాళీచేసి, రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు నిలిచారు. పాలకుడికి ఊరు మిగిలింది, పాలించడానికి మనుషులు మిగల్లేదు.

ముగింపులో ప్రభుత్వాన్ని కూల్చనక్కర్లేదు. వాల్వు మనిషిని తీసుకెళ్లిపోయాక, మర్నాడు ఆ కడ్డీ ఎవరి చేతికి వస్తుందో, ఆ చెయ్యి ఎన్ని చుట్లు తిప్పుతుందో చూపించి ఆపేయండి.